గట్టు తెగితే మోటరు తప్పా?

"తెలివి ఉంది, శ్రద్ధ లేదు." మన బడుల్లో ఎందరో పిల్లల మీద పడే తీర్పు ఇది. దీనిపై అప్పీలు లేదు. తెలివిగల పిల్లవాడు చెప్పింది మరిచిపోతే అది పొగరేనా? సైన్సు విద్యార్థిగా, ఒక అన్నగా అడుగుతున్నాను.

మాది ఎల్లారెడ్డి దగ్గరి పల్లె, వ్యవసాయ కుటుంబం. మా తమ్మునికి పన్నెండేళ్లు. బాయికాడ స్టార్టర్ ఎందుకు పట్టడం లేదో మెకానిక్ కంటే ముందే చెప్తాడు. వడ్ల లెక్క నోటితోనే కడతాడు. కాని ఉప్పు, చాయ్‌పత్త, అగ్గిపెట్టె తెమ్మంటే ఉప్పొక్కటే తెస్తాడు. లెక్కల పరీక్షలో జవాబు సరిగ్గానే రాసి, నడుమ మెట్లు వదిలేసి మార్కులు పోగొట్టుకున్నాడు. "గింత తెలివి గలోనివి, గిదెట్ల మరిచినవ్‌రా?" అని నాయిన కొట్టిండు. నిజం చెప్పాలంటే నేనూ కొట్టాను. తర్వాత హైదరాబాదులో డాక్టరు పరీక్షించి ఏడీహెచ్‌డీ అన్నారు. కామారెడ్డికి తిరిగొచ్చి పుస్తకాలు తిరగేశాక నా చెయ్యి ఎంత తప్పు చేసిందో తెలిసింది.

మనిషి ఒక్కసారికి దాదాపు ఏడు అంశాలే మనసులో నిలుపుకోగలడని జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. తరువాతివారు దాన్ని నాలుగుకు దించారు. ఇది ఉత్త గిడ్డంగి కాదు, విషయాన్ని పట్టుకొని దానితో పనిచేసే చోటు అని 1974లో బాడ్లీ, హిచ్ వివరించారు. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో చాలామందికి ఆ చోటు ఇరుకు. తెలివి వేరు, ఈ చోటు వేరు. రైతు భాషలో చెప్పాలంటే మోటరు పెద్దదే, కాలువే చిన్నది. గట్టు తెగితే మోటరును తిడతామా?

"మరి అష్టావధానులు ఎనిమిది మందికి జవాబు చెప్తారు గదా, అభ్యాసం చేస్తే రాదా?" అంటారు కొందరు. అవధానికి ఛందస్సు ఆసరా. యతి, ప్రాస పట్టుకొని పద్యం మళ్లీ మనసుకొస్తుంది. అంటే గొప్ప ధారణకూ ఊతకర్ర కావాలి! పైగా అవధానంలో అప్రస్తుత ప్రసంగి ఒక్కడే. మా తమ్మునికి తరగతి గది అంతా అప్రస్తుత ప్రసంగమే. ఇక కంప్యూటరు జ్ఞాపకశక్తి ఆటలంటారా? ఆడిన ఆటలో నేర్పు పెరుగుతుంది గాని, అది చదువులోకి పెద్దగా రావడం లేదని పరిశోధనలు చెప్తున్నాయి. కాబట్టి పిల్లవాని బుర్రను సాగదీయడం కంటే బరువు దించడం మేలు.

ఖర్చేమీ లేదు. ఒక్కసారికి ఒక్క పనే చెప్పాలి. చెప్పింది బోర్డు మీద ఉంచాలి. లెక్కలో మెట్ల చీటీ పక్కన పెట్టుకోనివ్వాలి. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం, సులువైన లెక్కలే ఇచ్చి తెలివిని ఎండబెట్టకూడదు. లెక్క కష్టంగానే ఉండాలి, గుర్తుంచుకునే భారం తగ్గాలి.

ఇప్పుడు తమ్ముని అంగీ జేబులో చిన్న నోటుబుక్కు ఉంటుంది. మొన్న మూడు వస్తువులూ తెచ్చాడు. అమ్మ నవ్వింది. నాయిన ఇంకా, "రాసుకునేది తెలివేందిరా?" అంటాడు.

మిత్రులారా! రేపు మనలో సగం మంది బి.ఎడ్. చదివి బడుల్లో నిలబడతాం. అప్పుడు మొదటి వరుసలోని మరుపుగల పిల్లవానికి మన చేతి నుంచి అందేది బెత్తమా, బలపమా? ఇప్పుడే తేల్చుకుందాం.