సైకిల్ ఇచ్చారు, పానా ఇవ్వలేదు



ఈ వారం సైకిల్ చైను గురించి రాస్తున్నాను. స్కాలర్‌షిప్ బకాయిల మీద రాయమని అడుగుతున్న తమ్ముళ్లు కోప్పడొద్దు, ఆ బకాయిలు వచ్చే వారానికి ఎక్కడికీ పోవు. హాస్టళ్లకు మీటింగులకు వెళ్లినప్పుడల్లా ప్రహరీ గోడ వారన ఒకే దృశ్యం. ఒకదాని మీద ఒకటి ఒరిగిన సైకిళ్లు. వంగి చూస్తే ఫ్రేము బాగానే ఉంటుంది, టైర్లు ఇంకో ఏడాది వస్తాయి. చైను మాత్రం ఎర్రగా తుప్పుపట్టి, కొన్ని లింకులు మడత పడకుండా బిగుసుకుపోయి ఉంటుంది. అరగంట పని. గదిలో ముగ్గురు ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నా ఆ అరగంట పని ఎవరూ చేయరు. దీన్ని బద్ధకం అనేసి వదిలేయడం నాకు ఇష్టం లేదు.

ముందు చట్టంలో ఒక మాట. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించారు, 2016 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. అందులో సెక్షన్ 3(1)(జెడ్ఏ) తీసి చదవండి. బహిరంగ ప్రదేశంలో ఎస్సీ, ఎస్టీలు సైకిల్ గానీ మోటార్ సైకిల్ గానీ ఎక్కకుండా, చెప్పులు వేసుకోకుండా, కొత్త బట్టలు కట్టుకోకుండా అడ్డుకోవడం నేరం. కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా ఐదేళ్ల జైలు. ఇరవై ఒకటో శతాబ్దంలో ఒక దేశ పార్లమెంటు సైకిల్ ఎక్కనివ్వకపోవడం నేరమని విడిగా రాయాల్సి వచ్చిందంటే, ఈ దేశపు ఊళ్లలో సైకిల్ సీటు ఎంత ఎత్తులో ఉందో ఆలోచించండి.

మా నాన్న పెద్దోళ్ల వీధి మొదట్లో సైకిల్ దిగి, అవతలి కొస దాకా నడిపించుకుంటూ పోయి, మళ్లీ ఎక్కేవాడు. తర్వాత్తర్వాత దిగడం మానేశారు మావాళ్లు. అది ఒక్క రోజులో జరిగింది కాదు, ఎవరూ జెండా ఎగరేసి చెప్పిందీ కాదు. కానీ దిగడం మానేసిన రోజుల్లో నాన్న ప్రతి ఆదివారం చైను తుడిచి నూనె వేసేవాడు. కారణం అడిగితే ఒకటే చెప్పేవాడు: చైను ఊడితే ఎక్కడైనా ఊడనీ, ఆ రచ్చబండ ముందు మాత్రం ఊడకూడదు. అక్కడ గొంతుక్కూర్చుని, నల్లటి చేతులతో చైను ఎక్కించుకుంటుంటే అరుగు మీద కూర్చున్నవాళ్లు చేసే వ్యాఖ్యానాలు ఆయనకు తెలుసు. మా ఇంట్లో నూనె డబ్బా ఆ భయంలోంచి వచ్చింది. ఆ భయంలోంచే పనితనమూ వచ్చింది.

మరి ఆ నాన్నల పిల్లలం మనమెందుకు చైను ముట్టుకోం? ముట్టుకోకుండా ఉండడం కోసమే మనల్ని చదివించారు కాబట్టి. తోలు కంపు, పేడ, బురద, మురికి, ఇవన్నీ మన చేతులకు అంటగట్టి, ఆ చేతుల్ని చూపించి మనల్ని దూరం పెట్టారు. అందుకే మన అమ్మలకు చదువంటే తెల్లచొక్కా, శుభ్రమైన గోళ్లు. ఈ కోరికను ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. శ్రమకు గౌరవం ఉందని, పాకీ పని కూడా పవిత్రమేనని మనకు పాఠాలు చెప్పిన మహాత్ములు ఉన్నారు. ఆ పాఠం వద్దని బాబాసాహెబ్ తేల్చి చెప్పారు. 2013లో చట్టం వచ్చాక కూడా మ్యాన్‌హోళ్లలో మనవాళ్లు చస్తూనే ఉన్నారు. కాబట్టి ‘చేతులు మురికి చేసుకోండి, అదే గొప్ప’ అని నేను చెప్పడం లేదు. చెప్పను కూడా.

నేను చెబుతున్నది వేరే. కులం మన నెత్తిన పెట్టిన మురికి ఒకటి. మన సొంత బండిని మన ఇష్టప్రకారం నడిపించుకోవడానికి అంటే నలుపు ఇంకొకటి. ఈ రెంటినీ ఒకటే అనుకోవడం కులం నేర్పిన తెలివే. చేత్తో చేసే పనిలో తెలివి ఉండదని, తెలివి ఉన్నవాడు చెయ్యి పెట్టడని ఈ సమాజం రెండు వేల ఏళ్లుగా చెబుతోంది. ఆరె, గూటం పట్టిన మా తాతలకు ఏ తోలు ఎంత నానాలో, ఎండిన చెప్పుకు ఆముదం ఎక్కడ పట్టించాలో తెలుసు. అది శాస్త్రం. దాన్ని శాస్త్రమని ఒప్పుకుంటే వాళ్లను మనుషులని ఒప్పుకోవాల్సి వస్తుందని పేరు పెట్టలేదు, అంతే.

సరే, పనిలోకి వద్దాం. ఇది కూడా అలాంటి శాస్త్రమే.

మన సైకిల్ కింద తిరిగే చైను నమూనాకు 1880లో ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో హాన్స్ రెనాల్డ్ పేటెంట్ తీసుకున్నాడు. రెండు పక్కలా రేకులు, మధ్యలో పిన్ను, పిన్ను చుట్టూ బుష్, దాని మీద తిరిగే చిన్న రోలర్. ఒక పిన్ను మధ్య నుంచి పక్క పిన్ను మధ్యకు సరిగ్గా అర అంగుళం. నూనె కావాల్సింది పైకి కనిపించే రేకులకు కాదు, లోపల పిన్నూ బుష్షూ రాసుకునే చోట. చాలామంది చైను పైన గ్రీజు దట్టంగా పూసి మురిసిపోతారు. ఆ గ్రీజు దుమ్మును పట్టుకుని, గరుకు కాగితంలా చైనును అరగదీస్తుంది. నల్లరేగడి దారుల్లో తిరిగేవాళ్లకు ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు.

సైకిల్‌ను స్టాండు మీద నిలబెట్టండి. చైను కవరు ఉంటే విప్పండి. పాత బనియన్ గుడ్డతో కింది వైపు చైనును పట్టుకుని, ఇంకో చేత్తో పెడల్ మెల్లగా వెనక్కి తిప్పండి. గుడ్డ కొసలు వేలాడకూడదు, వేళ్లు పళ్ల చక్రానికి జానెడు దూరంలో ఉండాలి. అక్కడ వేలు నలిగితే గోరు పోవడంతో ఆగదు. పైమట్టి పోయాక పాత టూత్‌బ్రష్‌ను కిరసనాయిలులో ముంచి ఒక్కో లింకూ రుద్దండి. కిరసనాయిలు దొరక్కపోతే డీజిల్. పెట్రోలు జోలికి పోవద్దు, మంటతో ఆటలు వద్దు. వెనక ఫ్రీవీలు మీద కూడా ధారగా పోయొద్దు, లోపలి గ్రీజు కడుక్కుపోతుంది. తుడిచి, గంటసేపు ఎండలో ఆరనివ్వండి. తడి మీద నూనె వేస్తే పల్చబడి కారిపోతుంది.

ఇప్పుడు నూనె. మెకానిక్ షాపులో దొరికే కొత్త ఇంజిన్ ఆయిల్ కొంచెం చాలు. బండ్లలోంచి తీసేసిన నల్ల ఆయిల్ ఊరికే వస్తుంది కదా అని తెచ్చుకోవద్దు, దాన్నిండా ఇనుప రజను. కొబ్బరినూనె కొన్నాళ్లకు జిగురుగా మారుతుంది. కుట్టుమిషన్ నూనె పర్లేదు, కానీ పల్చన, తొందరగా పోతుంది. ఒక్కో రోలర్ మీద ఒక్క చుక్క. మొత్తం అయ్యాక పెడల్ పదిసార్లు వెనక్కి తిప్పి, కాసేపు ఆగి, పొడి గుడ్డతో పైన మిగిలిన నూనె మొత్తం తుడిచేయండి. ఈ చివరి తుడుపు ఎవరూ చేయరు. అదే ముఖ్యం. ముట్టుకుంటే వేలికి కొంచెం మెరుపు అంటాలి గానీ నలుపు అంటకూడదు. రోజూ ఐదారు కిలోమీటర్లు తొక్కేవాళ్లు రెండు మూడు వారాలకోసారి చేస్తే సరిపోతుంది. వానలో తడిస్తే మాత్రం ఆ రోజే.

చైను అరిగిందో లేదో స్కూలు స్కేలుతో తెలిసిపోతుంది. ఒక పిన్ను మధ్యలో సున్నా పెట్టండి. 12 అంగుళాల గీత దగ్గర ఇంకో పిన్ను మధ్య కచ్చితంగా రావాలి. అది అంగుళంలో ఎనిమిదో వంతు దాటి పోయిందంటే మామూలు సైకిల్‌కు చైను మార్చే సమయం వచ్చినట్టే. గేర్ల సైకిల్‌కు పదహారో వంతు దాటితేనే మార్చాలి. సాగింది అంటాం గానీ ఇనుము సాగదు, పిన్నులు అరుగుతాయి. అరిగిన చైనును అలాగే తొక్కితే అది పళ్ల చక్రాన్ని, ఫ్రీవీలునూ తినేస్తుంది. చైను ఒక్కటి మార్చాల్సిన చోట మూడూ మార్చాలి. కొత్త చైనుకు లాక్ క్లిప్ పెట్టేటప్పుడు, దాని మూసిన కొస చైను ముందుకు కదిలే దిక్కుకు ఉండాలి. తిరగేసి పెడితే దారిలో ఊడి పడుతుంది.

ఇంతే. ఇందులో చెల్లెళ్లకు రానిది ఒక్కటీ లేదు. అయినా నేర్పరు.

బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లు ఇవ్వడం మొదలుపెట్టారు. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ చేసిన పరిశోధన 2017లో అచ్చయింది. హైస్కూల్లో చేరిన ఆడపిల్లలు 32 శాతం పెరిగారని అందులో తేలింది. మన ఆంధ్రాలోనూ ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చారు. మంచిదే. కానీ పంపిణీ సభలో ఫొటో దిగిన సైకిల్ మొదటి వానాకాలం తర్వాత ఎక్కడుందో ఎవరు చూశారు? లేడీస్ సైకిల్‌కు నిండుగా చైను కవరు ఉంటుంది, లోపల తుప్పు కనపడదు. చైను బిగుసుకున్నాక అన్నను అడగాలి. అన్నకు తీరిక ఉండదు. ఊళ్లో షాపుకు తీసుకెళ్లాలంటే, మా మండలంలో ఒక షాపు ముందు పోరంబోకులు కూర్చునే బల్ల ఉండేది, ఆ బల్ల దాటుకుని ఏ ఆడపిల్లా వెళ్లదు. అట్లా బడి మానేసిన పిల్ల లెక్కలో చైను పేరు రాయరు. దూరం అని రాస్తారు.

తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమం ఆడవాళ్లకు చదువుతో పాటు సైకిల్ కూడా నేర్పింది. వేలమంది కూలి ఆడవాళ్లు తొక్కడం నేర్చుకున్నారు, పి. సాయినాథ్ దాని గురించి రాశారు. కాన్షీరామ్ గారు 1983లో డీఎస్-4 పేరుతో సైకిళ్ల మీదే రాష్ట్రాలు తిరిగారు. రెండు కాళ్లు, రెండు చక్రాలు, అదే ఆ ఉద్యమం పెట్టుబడి. ఈ మాట వేదికల మీద మనం చాలాసార్లు చెప్పుకుంటాం. అన్ని వందల కిలోమీటర్లు తిరిగిన సైకిళ్ల చైన్లకు రాత్రిళ్లు ఎవరో నూనె వేసే ఉంటారు, ఆ పని గురించి మాత్రం ఒక్క ఉపన్యాసమూ నేను వినలేదు.

హాస్టల్ కమిటీలు ఈ నెల వార్డెన్లకు ఇచ్చే వినతిపత్రంలో మెస్ ఛార్జీలు, బాత్‌రూమ్ తలుపులతో పాటు ఇంకో అంశం చేర్చండి: ప్రతి హాస్టల్‌కూ రెండు పానాలు, ఒక చైను కట్టర్, గాలి పంపు, లీటరు నూనె, వాటికి తాళం లేని ఒక అల్మరా. తాళం లేనిది అని స్పష్టంగా రాయండి. సైకిళ్లు పంచే అధికారులకు ఇచ్చే కాగితంలో, పంచిన రోజే ఒక పూట రిపేరు శిక్షణ ఇవ్వాలని, నేర్పేవాళ్లలో ఆడవాళ్లు ఉండాలని అడగండి. వచ్చే భాగంలో స్కాలర్‌షిప్ బకాయిల సంగతి. ఈలోపు అల్మరా ఎక్కడ సాధిస్తే అక్కడి ఫొటో కింద పెట్టండి.