అందించినవాడి గడి

ఒకే బాస్కెట్‌బాల్ ఆటలో ఒక్కడే నూరు పాయింట్లు చేశాడంటే కోతలనుకుంటాం. కాని 1962 మార్చి 2న అమెరికాలోని హెర్షీ పట్టణంలో విల్ట్ ఛాంబర్లేన్ చేశాడు. మైదానం నుంచి వేసిన బుట్టలు 36, ఒక్కొక్కదానికి రెండు చొప్పున 72. ఫ్రీ త్రోలు 28. కూడి చూసుకోండి. అతని జట్టు ఫిలడెల్ఫియా వారియర్స్‌కు 169, న్యూయార్క్ నిక్స్‌కు 147 వచ్చాయి.

ఆ ఆట టెలివిజన్‌లో రాలేదు. చూడ వచ్చినవారు 4,124 మంది. తక్కిన లోకానికి ముఖ్యంగా దక్కింది లెక్కల కాగితమే. అందులో అందరి కళ్లూ ఆ నూరు మీదే పడతాయి. కాస్త పక్క వరుసలు కూడా చదవండి. ఆల్ ఆటిల్స్ మైదానం నుంచి ఎనిమిదిసార్లు గురి చూస్తే ఎనిమిదీ బుట్టలో పడ్డాయి. నూరు చేసిన విల్ట్ 63 సార్లు విసిరితే 27 తప్పాయి. గై రోడ్జర్స్ చేసినవి 11 పాయింట్లే. కాని అతను బంతి అందించగా తోటివారు వేసిన బుట్టలు 20!

మన పిల్లవాడి మార్కుల పట్టికలో, తెల్లవారుజామున లేపి చదువుకు కూర్చోబెట్టిన తల్లికి చోటుండదు. ఆ ఆటవాళ్లే నయమండీ! అందించిన చేతికి కూడా ఒక గడి గీసి ఉంచారు.