పుటలు దొరికాయి, పేర్లు దొరకవు

1918లో స్థాపితమై ఉర్దూ మాధ్యమంగా బోధన సాగించిన ఉస్మానియా విశ్వవిద్యాలయపు గ్రంథాలయంలోని వేలాది పుస్తకాలు నేడు అంతర్జాలంలో చిత్రపుటలుగా లభిస్తున్నాయి. తెలుగు కావ్యాలూ, ఆంగ్ల చరిత్ర గ్రంథాలూ, మరాఠీ, పారశీక పుస్తకాలూ ఒకేచోట ఉన్నాయి. మనం ముఖ్యంగా తెరచి చూడవలసినవి దారుల్ తర్జుమా గ్రంథాలు. 1917లో నెలకొల్పిన ఆ అనువాద సంస్థ భౌతిక, రసాయన శాస్త్రాలనూ, గణితాన్నీ, న్యాయశాస్త్రాన్నీ, వైద్యాన్నీ ఉర్దూలోకి తెచ్చింది. పారిభాషిక పదాల కోసం పండితుల సంఘాలే కూర్చున్నాయి. ఉర్దూ అంటే గజల్, ఖవ్వాలీ అని మురిసిపోయేవారికి (అది మెచ్చుకోలో, చిన్నచూపో!) ఈ పుటలు చూపాలి.

చూపడం ఎలా? పుస్తకాల పేర్లు చాలావరకు రోమన్ లిపిలో, ఒక్కోచోట ఒక్కో విధంగా నమోదయ్యాయి. ‘తారీఖ్’ అన్న ఒక్క మాటను ఎన్ని రకాలుగా రాసి వెతకాలి? నస్తాలీఖ్ రాతను యంత్రం చదవడం కష్టం కనుక లోపలి విషయమూ వెతుకులాటకు అందదు. తెలుగు మాధ్యమంలో చదివిన మన పిల్లల్లో అనేకులకు ఉర్దూ లిపే రాదు.

ప్రతి ఉర్దూ గ్రంథం పేరు, రచయిత, విషయం ఉర్దూ, తెలుగు లిపులు రెండింటిలోనూ నమోదు చేయాలని మేము కోరుతున్నాము. ఈ పని చేయగల విశ్రాంత ఉర్దూ ఉపాధ్యాయులు మన పట్టణాల్లోనే ఉన్నారు. 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికీ రెండవ అధికార భాషగా ప్రకటించిన తెలంగాణ ప్రభుత్వం వారికి గౌరవ వేతనమిచ్చి ఈ బాధ్యత అప్పగించాలి.