అక్కడ ఏముందని?

"అయిదు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్ళడానికి అక్కడ ఏముందని?"

కేప్‌రాక్ కాన్యన్స్‌కి మేం నలుగురమే వెళ్తున్నామని చెప్పగానే మా ఫ్రెండ్ అడిగిన మొదటి ప్రశ్న ఇది. నిజం చెప్పొద్దూ, నా దగ్గర సమాధానం లేదు. అక్కడ హోటల్ లేదు, షాపింగ్ లేదు. దగ్గర్లో ఉన్న క్విటాక్వే అనే ఊరు మన పల్లెటూరి కంటే చిన్నది. మా డాలస్ వైపు నుంచి వాయవ్యంగా పోతూ పోతూ, పత్తి చేలు దాటాక, నేల ఒక్కసారిగా విరిగిపోయి ఎర్రటి లోయలు కనిపిస్తాయి. అంతే. ఆ "అంతే" కోసమే వెళ్ళాను.

అసలు సంగతి మా అమ్మాయి ఫోటోలతో మొదలైంది. వచ్చే ఆగస్టులో కాలేజీకి వెళ్ళిపోతుంది కదా, పాత ఫోటోలన్నీ ఒక ఆల్బమ్‌గా చేస్తోంది. ఒకరోజు ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి, "అమ్మా, నువ్వు క్యాంపింగ్‌లో ఉన్న ప్రతి ఫోటోలోనూ స్టవ్ దగ్గరే ఉన్నావ్, చూడు" అంది. నవ్వుతూనే అంది. చూశాను. నిజమే. ఏడుసార్లు క్యాంపింగ్‌కి వెళ్ళాం, ఏడు వేరు వేరు పార్కులు, గరిటె మాత్రం ఒకటే!

మనవాళ్ళ క్యాంపింగ్ ఎలా ఉంటుందో మీకు తెలియంది కాదు. ఎనిమిది కుటుంబాలు. నెల ముందు నుంచీ వాట్సాప్‌లో మెనూ మీద చర్చలు. కరెంటు ఉన్న సైట్లే బుక్ చేస్తాం, ఎందుకంటే రైస్ కుక్కర్ పెట్టుకోవాలి. ఒకసారి మిక్సీ కూడా తీసుకెళ్ళాం, అల్లం పచ్చడికి. పొద్దున్న దోసెలు, మధ్యాహ్నం బిర్యానీ, సాయంత్రం మిరపకాయ బజ్జీ, రాత్రి మళ్ళీ పెరుగన్నం అడిగేవాళ్ళు. మగవాళ్ళూ పిల్లలూ ట్రెయిల్‌కి వెళ్ళొచ్చి "అబ్బ, భలే ఉంది, నువ్వూ రావల్సింది" అంటారు. అప్పుడు నేను అంట్లు తోముతుంటాను. కార్తీకమాసంలో వనభోజనాలంటే చెట్టు కింద కూర్చోవడానికి వెళ్ళేవాళ్ళు. మా దగ్గర వనం పోయి భోజనం మిగిలింది.

ఎవరో నన్ను కట్టేసి వండించారని అనడం లేదు. నేనే ముందుండి చేశాను. "వదిన చేతి బిర్యానీ" అంటే ఉబ్బిపోయిన దాన్నే. ఇంకో సంగతి కూడా ఒప్పేసుకుంటాను. మూడేళ్ళ క్రితం ఒక పార్కులో రాత్రి పదకొండింటికి స్పీకర్ పెట్టుకుని అంత్యాక్షరి ఆడుతున్నాం. పక్క సైట్‌లో ఒక పెద్ద వయసు జంట ఉన్నారు. ఒక్క మాట కూడా అనలేదు, చీకట్లో టెంటు విప్పుకుని వేరే చోటికి వెళ్ళిపోయారు. టెక్సస్ స్టేట్ పార్కుల్లో రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా చప్పుడు చేయకూడదని నియమం. మాకు తెలుసు. అప్పుడు పాడుతున్నది నేనే. ఆవిడ టార్చి వెలుతురులో మేకులు పీకుతున్న శబ్దం ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకని ఈసారి మేం నలుగురం, నవంబరు మొదటి వారం. (ఎండాకాలం మాత్రం వద్దు. నీడ తక్కువ, ఆ లోయల్లో వేడి మామూలుగా ఉండదు.) మావారికి అస్సలు ఇష్టం లేదు. "నలుగురూ లేకపోతే పిచ్చెక్కుతుంది, రెండ్రోజులు ఏం చేస్తాం?" అన్నారు. వంట కూడా ముందే తేల్చేశాను. పులిహోర, చపాతీలు, కరివేపాకు పొడి, ఊరగాయ, వేయించి పెట్టుకున్న ఉప్మా రవ్వ. వేడినీళ్ళు తప్ప అక్కడ ఇంకేమీ కాచను అన్నాను. మా అబ్బాయి మొహం చూడాల్సింది!

లోపలికి వెళ్ళగానే రోడ్డుకి అడ్డంగా బైసన్లు. కంచెలో కాదు, పార్కంతా వాటిదే. యాభై గజాల దూరంలో ఉండాలని బోర్డులు పెట్టారు. అవి పక్కకి తప్పుకునే దాకా కారులో కూర్చున్నాం. ఆ మంద కథ చదివి నాకు ఒళ్ళు జలదరించింది. 1870ల్లో వేటగాళ్ళు తోళ్ళ కోసం బైసన్లని లక్షల్లో చంపేశారు. తల్లులు పోయిన దూడలు మిగిలాయి. అప్పుడు ఈ ప్రాంతంలో ఛార్లెస్ గుడ్‌నైట్ అనే పెద్ద రాంచ్ యజమాని ఉండేవాడు. ఆయన భార్య మేరీ ఆన్ 1878లో పట్టుబట్టి కొన్ని దూడలని ఇంటికి తెప్పించి పెంచింది. వాటి సంతతే ఈ మంద. 1997లో రాష్ట్రానికి ఇచ్చేశారు. ఆవిడకి పిల్లల్లేరు, చుట్టుపక్కల పలకరించే ఆడమనిషి కూడా లేదు. పుస్తకాల్లో భర్త పేరే పెద్దది, కానీ ఆ పార్కులో నడుస్తున్నది ఆవిడ మాట.

మర్నాడు పొద్దున్న ఉప్మా తిని నలుగురం బయలుదేరాం. నాకు నలభై ఆరేళ్ళు, కుడి మోకాలు మాట వినదు. అందుకని ఈగిల్ పాయింట్ దారి పట్టాం, అంత కష్టం కాదు. ఎర్రమట్టి గోడల్లో తెల్లటి జిప్సమ్ చారలు, కుంకుమ పోసి దాని మీద ముగ్గు గీసినట్టు. ఒకచోట వాన నీళ్ళు తొలిచిన రాతి వంతెన ఉంది, కింద నుంచి వంగి దూరొచ్చు. నేనూ దూరాను. బయటికొచ్చేసరికి చీరకట్టులో కాకపోయినా అచ్చం మా అమ్మమ్మ పొయ్యిగదిలోంచి వచ్చినట్టు మట్టికొట్టుకుని ఉన్నాను. అమ్మాయి ఫోటో తీసింది. చివరి దాకా నడిచాను. ఇది చిన్న విషయమే అనుకోండి, కానీ ఏడు క్యాంపింగుల్లో మొదటిసారి.

రెండో రాత్రి పిల్లలు టెంట్లో పడుకున్నారు. ఎక్కడో కయోటీలు అరుస్తున్నాయి, ఆ తర్వాత అదీ లేదు. చీకటంటే అంత చీకటి, పక్కనున్న మనిషి కనబడరు. స్పీకర్ లేదు, సిగ్నల్ కూడా సరిగ్గా లేదు. మావారు కుర్చీలో ఊరికే కూర్చున్నారు, ఏం చేయాలో తెలియక. చాలాసేపయ్యాక, "మా నాన్నతో రాత్రిళ్ళు చేలోకి వెళ్ళేవాణ్ణి. కరెంటు రెండింటికి వచ్చేది. మోటారు వేసి గట్టు మీద కూర్చునేవాళ్ళం. ఇంతే చీకటి" అన్నారు. "నాన్న ఏమీ మాట్లాడేవాడు కాదు. కండువా తీసి నాకు కప్పేవాడు."

మామయ్యగారు పోయి నాలుగేళ్ళు. మా పెళ్ళయి పందొమ్మిదేళ్ళు. ఈ మాట నేనెప్పుడూ వినలేదు. నేను అడగాలనుకోలేదు, ఆయన చెప్పాలనుకోలేదు. మా ఇద్దరి మధ్య ఎప్పుడూ ఏదో ఒకటి ఉడుకుతూనే ఉండేది.

మా ఫ్రెండ్‌కి ఇదంతా చెబితే, "నువ్వు మరీ చెబుతావు, పిల్లలకి మన భాష, మన స్నేహాలు ఉండొద్దా?" అంది. ఉండాలి. మా అబ్బాయి తెలుగులో జోకులు వేయడం నేర్చింది ఆ గుంపు క్యాంపింగుల్లోనే. ఆడవాళ్ళకి రాత్రిపూట మరుగుదొడ్డికి వెళ్ళాలన్నా నలుగురుంటే ధైర్యం, అదీ కాదనను. మనవాళ్ళతో కలవొద్దని నేనడం లేదు. అలా కలవడానికి మన పెరడు చాలు, ఊళ్ళోనే ఏ పార్కో పెవిలియనో చాలు. నిశ్శబ్దంగా ఉండే చోటుని వెతుక్కుని, ముందే రిజర్వ్ చేసుకుని, అయిదు గంటలు కారు నడిపి, అక్కడికి మన వంటిల్లునీ మన రొదనీ మోసుకెళ్ళడమే నాకు అర్థం కావడం లేదు. ఆ పక్క టెంటు ఆవిడ కూడా ఎంతో దూరం నుంచి వచ్చి ఉంటుంది కదా?

మార్చిలో మళ్ళీ వెళ్దామని మావారే అన్నారు. గ్రూపులో సంగతి పెట్టాను, ఎవరైనా ఇద్దరు ముగ్గురు రావచ్చని. నిమిషంలో మొదటి మెసేజ్ వచ్చింది, "మెనూ ఏంటి వదినా?"

"అటుకులు" అని పెట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.