ఆంగ్ల సాదృశ్యవాచకాల అనువాదం: ‘లా’ ఒక్కటే చాలునా?

ఉపమకు ఉపమేయం, ఉపమానం, సమానధర్మం, ఉపమావాచకం అని నాలుగు అంగాలు. వీటిలో నేటి అనువాదకులు అతి తేలికగా తీసుకుంటున్నది చివరి అంగాన్ని. ఆంగ్లమూలంలో ‘లైక్’ ఉన్నా, ‘యాజ్’ ఉన్నా ‘లా’ తగిలించి ముందుకు సాగడం పరిపాటి అయింది. దండి కావ్యాదర్శంలో సాదృశ్యబోధకాలను వరుసగా పేర్కొంటూ స్పర్ధించడం, గెలవడం, పరిహసించడం అనే అర్థాలిచ్చే క్రియలను సైతం వాటిలో చేర్చాడు. ఆ శాస్త్రాన్ని శతాబ్దాలుగా చదువుకున్న భాషకు ఒక్క ప్రత్యయం చాలుననడం అలసత్వమే.

ఈ అలసత్వం అర్థాన్నే తారుమారు చేస్తుంది. ‘తండ్రిగా మాట్లాడాడు’ అంటే మాట్లాడినవాడు తండ్రే. ‘తండ్రిలా మాట్లాడాడు’ అంటే అతడు తండ్రి కాకపోవచ్చు. ఆంగ్లంలో మొదటిది ‘యాజ్’, రెండవది ‘లైక్’. నార్వేజియన్ భాషలో ఈ రెండింటికీ ‘సోమ్’ అనే ఒక్క పదమే ఉన్నా, నామానికి ముందు ‘ఒక’ అనే అర్థమిచ్చే ఉపపదాన్ని వాడటం, వదలడం ద్వారా ఆ భేదాన్ని నిలుపుకుంటారు. ‘గా’, ‘లా’ అని రెండు వేర్వేరు రూపాలున్న తెలుగులో ఆ భేదాన్ని పోగొట్టుకోవడం సమర్థనీయం కాదు. అట్లే ‘కరీంనగర్ వంటి పట్టణాలు’ అన్నప్పుడు కరీంనగర్ ఆ లెక్కలో చేరుతుందో లేదో సందిగ్ధం. ‘కరీంనగర్ మొదలైన పట్టణాలు’ అంటే సందేహానికి తావుండదు.

రాజన్న సిరిసిల్ల జిల్లా కోనరావుపేట ప్రాంతపు వాడుకను గమనిస్తే తెలుగు సంపద మరింత స్పష్టమవుతుంది. ‘కొడుకు లెక్క చూసుకున్నడు’ అన్నప్పుడు కొడుకుగా లెక్కించడమనే భావం అందులో ఇమిడి ఉంది. ‘తండ్రి తీరు ఉన్నడు’ అన్నది రూపాన్ని, నడతను సూచిస్తుంది. ‘తండ్రి అసొంటోడు’ అన్నది ఆ స్థానానికి తగిన వ్యక్తిని తెలుపుతుంది. వాడుకలో ఇవి ఒకదాని చోట మరొకటి రావచ్చు. అయినా వీటి మూలార్థాలు వేరు. అనువాద గ్రంథాలలో మాత్రం ఇవి పల్లెటూరి పాత్రల సంభాషణలకే పరిమితమవుతున్నాయి. కథకుని వాక్యంలోకి వస్తే పరిష్కర్త కలం వాటిని ‘లాగా’ అని దిద్దుతుంది.

‘లెక్క’ గణితార్థంతో కలిసి పాఠకుని తికమక పెడుతుందన్నది తరచు వినవచ్చే ఆక్షేపణ. ఇది నిలువదు. ‘పులివలె’ అన్న చోట సాదృశ్యాన్ని, ‘చేయవలె’ అన్న చోట విధిని ‘వలె’ తెలుపుతూనే ఉంది. దానివల్ల ఏ పాఠకుడూ దారి తప్పలేదు. సందర్భం అక్కడ తీర్చిన చిక్కును ఇక్కడా తీరుస్తుంది. ‘వలె’కు చెల్లిన న్యాయం ‘లెక్క’కు చెల్లదనడం ప్రాంతీయ పక్షపాతమే.

కనుక అనువాదకుడు మూలంలోని పదాన్ని చూసి ఆగక, అది పాత్రను చెబుతున్నదా, పోలికను చెబుతున్నదా, ఉదాహరణను చెబుతున్నదా అని ముందు తేల్చుకోవాలి. ఆపైన తగిన తెలుగు మాటను, అది ఏ ప్రాంతానిదైనా, సంకోచం లేకుండా స్వీకరించాలి. ప్రామాణికత పేరిట మాటలను తగ్గించుకుంటూ పోయే భాష పరాయి సాహిత్యాన్ని పూర్తిగా తనలోకి తెచ్చుకోజాలదు.