పురుగులో లేని జన్యువు

మల్బరీ ఆకు తుంచితే తొడిమ దగ్గర తెల్లటి పాలు బొట్టుకట్టి నిలుస్తాయి. తమిళనాడులోని హోసూరు, డెంకణికోట, తళి వైపు పట్టుపురుగులు మేపే ఇళ్లలో ఆ జిగురు వేళ్లకు అంటుకోవడం రోజూ ఉండేదే. 2006లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ బొట్టును పరీక్షించారు. అందులో చక్కెరను పోలిన ఆల్కలాయిడ్లు బయటపడ్డాయి. ఆముదపాకు మేసే ఎరి పట్టుపురుగుకు అవి విషం. పాలు లేకుండా చేసిన మల్బరీ ఆకుతో మాత్రం దానికి ఆ ముప్పు లేదు. మన పట్టుపురుగేమో పాలతో సహా నమిలేస్తుంది. చక్కెరను విరగ్గొట్టే దాని ఎంజైముల్లో ఒకటి ఆ ఆల్కలాయిడ్లకు లొంగని రకం కావడం అందుకు ఒక కారణం. విషాన్ని వండే రసాయన వరుస ఆకు జన్యువుల్లో ఉంది, దాన్ని తట్టుకునే వరుస పురుగు జన్యువుల్లో ఉంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి, ఏ అడుగు ఏ జన్యువుదో చూపే పటం గీయడానికి సాఫ్ట్‌వేర్ ఎప్పటినుంచో ఉంది. దాని ముందు కూర్చుని తప్పులు దిద్దే మనిషికి జీతం ఎవరిస్తారన్నదే తేలాల్సిన సంగతి.

ఆ సాఫ్ట్‌వేర్ పేరు పాథ్‌వే టూల్స్. కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ ఇంటర్నేషనల్ సంస్థలో పీటర్ కార్ప్ బృందం 1990ల నుంచి దాన్ని పెంచుతూ వస్తోంది. జన్యువుల పేర్లు, పనులు గుర్తించి ఉన్న ఒక జీనోమ్‌ను ఇస్తే, ప్రయోగాల్లో రుజువైన జీవక్రియ మార్గాల సంపుటి మెటాసైక్‌తో పోల్చి, ఈ జీవిలో ఏయే మార్గాలు ఉండవచ్చో అంచనా కడుతుంది, బొమ్మ గీస్తుంది. అయిదు మెట్లున్న మార్గంలో నాలుగింటికే జన్యువులు దొరికితే అయిదోదాన్ని ఖాళీగా చూపిస్తుంది. నాకు ఈ ఖాళీలే ముఖ్యం. ఏది తెలియదో చెప్పగల యంత్రం నిజాయితీ గల యంత్రం. బయోసైక్ అనే పెద్ద సేకరణలో డేటాబేసులకు తరగతులున్నాయి: మనుషులు చదివి దిద్దినవి పై తరగతి, యంత్రం గీసి వదిలేసినవి అట్టడుగున. పై తరగతిలో ఉన్నవి చాలా కొద్ది. ఇ.కోలి బాక్టీరియాకు అంకితమైన ఎకోసైక్‌లో ముప్పై వేలకు పైగా పరిశోధన వ్యాసాలను మనుషులు చదివి ఎక్కించిన సమాచారం ఉంది. సుమారు 4,400 జన్యువుల చిన్న ప్రాణికి అంత చాకిరీ! అయినా వాటిలో దాదాపు మూడో వంతు జన్యువుల పని ఇంకా గట్టిగా తేలలేదు.

ఇది హోసూరు మాట ఎందుకైందంటే, కేంద్ర సిల్క్ బోర్డు వారి జన్యు వనరుల కేంద్రం ఇక్కడే, తళి రోడ్డులో ఉంది. వెయ్యికి పైగా మల్బరీ రకాలు మడుల్లో, నాలుగు వందలకు పైగా పట్టుపురుగు జాతులు గదుల్లో అక్కడ బతుకుతున్నాయి. ఆకు, దాన్ని తినే పురుగు రెండూ ఒకే ప్రహరీలో దొరికే చోట్లు అరుదు. జీనోములకూ కొరత లేదు. పట్టుపురుగు జీనోమ్ 2004లోనే జపాన్, చైనా బృందాలు విడివిడిగా ప్రకటించాయి, 2008లో రెంటినీ కలిపి మెరుగుపరిచారు. చైనా అడవి మల్బరీ జీనోమ్ 2013లో వచ్చింది, భారతీయ మల్బరీది ఆ తర్వాత వచ్చింది. హైదరాబాద్‌లోని డీఎన్ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీలో జె. నాగరాజు బృందం 2005లో పట్టుపురుగు డీఎన్ఏ గుర్తుల డేటాబేసు, 2008లో అడవి పట్టుపురుగుల జన్యు డేటాబేసు నిర్మించింది. 2012 చివర్లో ఆయన కన్నుమూశారు. మన దగ్గర ఇలాంటివి చాలావరకు ఒక శాస్త్రవేత్త పట్టుదల మీద, ఒక ప్రాజెక్టు గడువు మీద నిలబడతాయి. పాడి ఆవును కొని గడ్డికి లెక్క రాసుకోని సంసారం లాంటిది ఇది.

కృత్రిమ మేధ వచ్చాక ఇంకా మనుషులెందుకని అడిగేవారికి యూరియేజ్ సంగతి చెప్పాలి. నాలుగో జ్వరం (చర్మం విడిచే నిద్ర) నుంచి లేచిన పురుగు ఆవురావురుమని మేస్తుంది. పురుగు బతుకంతా తినే ఆకులో నూటికి ఎనభై పాళ్లకు పైగా ఆ చివరి వారం రోజుల్లోనే. ఆ దశలో ఒంట్లో ఏర్పడే యూరియా వ్యర్థంగా పోకుండా అమ్మోనియాగా విడిపోయి, దాని నత్రజని తిరిగి పట్టు ప్రోటీన్‌లోకి చేరుతుంది. యూరియాను విడగొట్టే ఆ యూరియేజ్‌కు జన్యువు పురుగులో లేదు. అది మల్బరీ ఆకుది. ఆకుతోపాటు కడుపులోకి వెళ్లి, అక్కణ్నుంచి పురుగు నెత్తురులోకి చేరి పనిచేస్తుందని 2000లో జపాన్ శాస్త్రవేత్తలు తేల్చారు. కృత్రిమ మేత తిన్న పురుగుల్లో ఆ ఎంజైమ్ కనిపించలేదు. పట్టుపురుగు జీనోమ్ ఒక్కటే ఇచ్చి పటం గీయమంటే ఏ ప్రోగ్రామైనా ఇక్కడ ఖాళీ చూపించాలి. జన్యువు మన కంట పడలేదేమోనని యువ పరిశోధకులు ఏళ్ల తరబడి వెతకనూ వచ్చు. ఆ వ్యాసం చదివిన మనిషి, ఎంజైమ్ ఆకు నుంచి వస్తుందని ఒక వాక్యం రాసి రుజువు జతచేస్తే సరిపోతుంది. యంత్రం ఆ వ్యాసాన్ని వెతికి తేగలదేమో; కానీ ఒక జీవికి ఒక డేటాబేసు అనే చట్రంలో రెండు జీవుల మధ్య గీత ఎక్కడ పడాలో నిర్ణయించి, దానికి పూచీ పడేది మనిషే.

రైతుకు ఏం ఒరుగుతుందన్నది ఇంకా బరువైన ప్రశ్న. ఈ పటం వాన కురిపించదు, హోసూరు పట్టుగూళ్ల మార్కెట్టులో ధర పెంచదు. అలా పెంచుతుందని ఎవరైనా నిధులు అడిగితే నమ్మొద్దు. అయితే మల్బరీ ఏళ్ల తరబడి నిలిచే పంట. కొత్త రకాన్ని ఎంచి, నాటి, కత్తిరించి, పురుగుకు మేపి, ఊరూరా పరీక్షించేసరికి పదేళ్లు దాటడం మామూలే. వెయ్యి రకాల్లో దేనితో మొదలుపెట్టాలో తెలిస్తే ఆ పదేళ్లలో కొన్నయినా మిగులుతాయి. ఏ రకం ఆకులో ఏ ఎంజైమ్ చురుకో, ఏ పురుగు జాతికి అది సరిపడుతుందో చెప్పే పటం చేసేది ఆ వడపోతే.

మన సమాచారం బయటపెడితే ఎవరో ఎత్తుకుపోతారనే భయమూ ఉంది, అది ఉత్త భయం కాదు. మొక్కను, పురుగును పరాయివాళ్లు పట్టుకెళ్లకుండా 2002 నాటి జీవవైవిధ్య చట్టం కాపలా ఉంది. అచ్చయిన జ్ఞానానికి గేటు పడే ప్రమాదం మరో వైపు నుంచి వచ్చింది. జపాన్ వారి జీవక్రియ డేటాబేసు కెగ్ 2011లో మొత్తం డేటా దింపుకోవడానికి చందా పెట్టింది, బయోసైక్‌లో ఎక్కువ భాగం 2017లో చందా కిందికి వెళ్లింది. వాళ్లను తప్పుపట్టలేం. గ్రాంటు చాలనప్పుడు దిద్దేవాళ్లకు జీతాలు అలాగే పుట్టాయి. మనకు కలిసొచ్చే సంగతేమిటంటే పాథ్‌వే టూల్స్ విద్యా, ప్రభుత్వ పరిశోధన సంస్థలకు ఉచితం, సొంత కంప్యూటర్‌లో సొంత డేటాబేసు కట్టుకుని దాన్నే వెబ్‌సైటుగా తెరవవచ్చు. తాళంచెవి తళి రోడ్డులోనే ఉంటుంది. అందుకు కావలసింది జీవరసాయన శాస్త్రం చదివిన ఇద్దరు ముగ్గురు, శాశ్వత ఉద్యోగాల్లో. ప్రాజెక్టు ముగిసిన మార్చి నెలలో ఇంటికి పంపే ఉద్యోగాలు కావు. మొదటి నెల వాళ్ల చేతికి యూరియేజ్ పేజీ, మల్బరీ పాల పేజీ ఇస్తే చాలు.