రికార్డుకెక్కని సుంకరి

మా తాత కోరుట్ల పక్కన ఒక ఊరికి సుంకరి. ఈ మాట ఇప్పటి విద్యార్థుల్లో చాలామందికి తెలియకపోవచ్చు. ఊళ్లో దండోరా వేయడం, పటేలు రమ్మన్న మనిషిని పిలుచుకురావడం, శిస్తు వసూలైన రోజున డబ్బు సంచికి కావలి ఉండి తాలూకా కచేరి దాకా వెంట నడవడం, దౌరాకు వచ్చిన అధికారి సామాను ఒక ఊరి పొలిమేర నుంచి మరో ఊరి పొలిమేరకు మోయడం, అతని గుర్రానికి గడ్డి, వంటకు కట్టెలు సమకూర్చడం సుంకరి పని. పేరులోనే సుంకం ఉంది. రాజ్యం సుంకం రాబట్టే యంత్రాంగంలో చిట్టచివరి మనిషి అతడు. ఆ సుంకంలో మాత్రం అతని పేర రాసిపెట్టిన పైసా లేదు. కళ్లం దగ్గర రైతు కొలిచి పోసే మేర, చెరువు నీరు అందని చోట ఒక ముక్క చెలక, అంతే.

కొన్నేళ్లుగా నేను నిజాం రాజ్యపు దఫ్తరాల చరిత్ర చదువుతున్నాను. మొదట్లో నాకు కావలసింది చిన్న విషయమే. మా తాత చేసిన పనికి రాజ్యం ఏ పేరు పెట్టింది, ఎంత కట్టిందన్నది తెలుసుకోవాలనుకున్నాను. చదివేకొద్దీ తెలిసింది వేరే. ఆ రాజ్యంలో ప్రతి పదవికీ ఒక ధర ఉంది. పై పదవులకు ఆ ధర కాగితం మీద ఉంది, కింది పదవులకు మనిషి ఒంటి మీద ఉంది.

హైదరాబాద్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఔరంగజేబు కాలం నుంచి ఆసఫ్‌జాహీల చివరి రోజుల దాకా పత్రాలున్నాయి. ఫార్సీ, ఉర్దూ, మోడీ లిపిలో మరాఠీ. తెలుగువాడి శిస్తు లెక్క తెలుగులో లేకపోవడం కూడా ఒక చరిత్రే. రెవెన్యూ లెక్కలు చూసిన రెండు పెద్ద దఫ్తరాలు తరతరాలుగా రెండు కుటుంబాల చేతిలో ఉండేవి. దఫ్తర్-ఎ-దీవానీ రాయ్ రాయన్ బిరుదున్న మరాఠీ బ్రాహ్మణ కుటుంబానిది. దఫ్తర్-ఎ-మాల్ మాల్‌వాలాలని పేరుపడిన మాథుర్ కాయస్థ కుటుంబానిది. హైదరాబాద్ కాయస్థుల మీద కేరన్ లెనార్డ్ 1978లో ప్రచురించిన గ్రంథం చదివితే, కులం, కలం, కొలువు ఒకే ఇంట్లో ఎలా కాపురం చేశాయో అర్థమవుతుంది. తండ్రి చనిపోతే కొడుకు నజరానా చెల్లించి పదవిలోకి వచ్చేవాడు. రాజుకు చెల్లించేదీ రాజు నుంచి పొందేదీ రెండూ లెక్కల్లో ఉండేవి. మన్సబు, జాగీరు, ఇనాం, రుసుము... ఒక్కో హక్కుకు ఒక్కో సనదు.

మొదటి సాలార్ జంగ్ 1853లో దీవాన్ అయ్యాడు. శిస్తు వసూలును గుత్తలకు ఇచ్చే పద్ధతిని తొలగించి, 1865లో జిలాబందీ తెచ్చాడు. పాఠ్యపుస్తకాలు దీన్ని ఆధునికీకరణ అంటాయి. కాదనను. కానీ ఆ సంస్కరణలో ఒక ఏర్పాటు గురించి మన తరగతి గదుల్లో తక్కువగా మాట్లాడతారు. అప్పటిదాకా శిస్తు వసూలు చేసిన దేశ్‌ముఖ్‌లు, దేశ్‌పాండేల నుంచి ఆ పని తీసేసి, దానికి బదులుగా వాళ్లకు ఏటా నగదు రుసుము కట్టారు. పని పోయింది, ఫలం మిగిలింది. ఆ తర్వాత అదే పెద్దమనుషులు సర్వే సెటిల్‌మెంట్లలో భూములను తమ పేర రాయించుకున్నారు. గడీలు లేచింది ఎక్కువగా ఆ పునాది మీదే.

గ్రామంలో మాలి పటేలు, పోలీసు పటేలు, పట్వారీ వతన్‌దారులుగా కొనసాగారు. వసూలైన శిస్తు మీద వాళ్లకు స్కేలు పేర కమిషన్ ఉండేది. వాళ్ల కింద సేత్‌సింధి, నీరడి, బేగరి, సుంకరి. వీళ్ల కొలువూ వంశపారంపర్యమే. తేడా ఏమిటంటే పైవాడికి వంశపారంపర్యం హక్కు, కిందివాడికి బంధనం. పట్వారీ కొడుకు పట్వారీ కాకుండా వకీలు కావచ్చు, హక్కు అన్న పేరనో తమ్ముడి పేరనో నిలుస్తుంది. మాల మాదిగ వాడల్లో పుట్టిన సుంకరి కొడుకు ‘నాకీ పని వద్దు’ అంటే ఊరు ఒప్పుకునేది కాదు.

ఈ సంగతిని అందరికంటే స్పష్టంగా చూసింది అంబేద్కర్. మహార్ వతన్ విషయంలో ఆయన 1928లో బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టారు. 1874 నాటి వంశపారంపర్య పదవుల చట్టాన్ని సవరించాలన్నది దాని సారం. పనికి హద్దు లేదు, వేతనానికి లెక్క లేదు, ఇచ్చిన నాలుగు గుంటల భూమే కాలికి గొలుసు అన్నది ఆయన వాదన సారాంశం. సరిహద్దుకు ఇవతల నిజాం ఇలాకాలోనూ అదే గొలుసు. ఇక్కడ అలాంటి బిల్లు పెట్టడానికి ప్రజలు ఎన్నుకున్న శాసనమండలి లేదు. భాగ్యరెడ్డి వర్మ వంటివారు సభలు పెట్టి, అర్జీలు రాసి పోరాడవలసి వచ్చింది.

ఇక రైలు సంగతి. పదవుల రుసుములకూ రైలు పట్టాలకూ ఏమిటి సంబంధం అని అడగవచ్చు. సంబంధం ఖజానాలో ఉంది. బొంబాయి చట్టం వచ్చిన ఆ 1874లోనే వాడి నుంచి సికింద్రాబాద్‌కు మొదటి రైలు వచ్చింది. 1883లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పేరులోని ‘గ్యారంటీ’ ఎవరికి? ప్రయాణికులకు కాదు. వాటాదారుల పెట్టుబడి మీద ఏటా 5 శాతం వడ్డీకి 20 ఏళ్ల పాటు నిజాం ప్రభుత్వం పూచీ పడింది. రైలు లాభంలో నడిచినా, నష్టంలో నడిచినా లండన్‌లో వాటా కాగితం ఉన్నవాడికి తన డబ్బు ముట్టాలి. ఇదీ ఒక రుసుమే. దేశ్‌ముఖ్ పని చేయకుండా పొందినది ఊరి రుసుము, వాటాదారు నష్టభయం లేకుండా పొందినది సముద్రం అవతలి రుసుము. రెండూ వెళ్లింది భూమి శిస్తు నుంచి. ఆ శిస్తు సంచి మోసినవాడు సుంకరి.

ఆ ఒప్పందం మీద హైదరాబాద్‌లో నిరసన లేకపోలేదు. చాందా రైల్వే పథకం వివరాలు జనం ముందు పెట్టాలని, చర్చ జరగాలని 1883లో అఘోరనాథ్ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం అడిగారు. ఈ అఘోరనాథ్ సరోజినీ నాయుడి తండ్రి. కాగితాలు చూపించమన్నందుకు ఆయన్ను రాజ్యం నుంచి వెళ్లగొట్టారు. సమాచార హక్కు చరిత్ర రాసేవాళ్లు ఈ ఘట్టంతో మొదలుపెడితే బాగుంటుందని నాకు చాలాసార్లు అనిపించింది.

డబ్బు మా ప్రాంతం నుంచి కూడా వెళ్లింది. రైలు మాత్రం రాలేదు. 1900 ప్రాంతంలో నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వైపు ఒక దారి పడింది. 1929 నాటికి కాజీపేట నుంచి పెద్దపల్లి మీదుగా బల్లార్షా దాకా మరో దారి పూర్తయింది. పటం తీసి చూడండి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఈ రెండు పట్టాల నడుమ పడిపోయాయి. సిరిసిల్ల పద్మశాలి బొంబాయికో షోలాపూర్‌కో మగ్గం వెతుక్కుంటూ పోవాలంటే ముందు కామారెడ్డి స్టేషన్ దాకా రోడ్డు పట్టవలసిందే.

రైలు లేకపోవడం సౌకర్యం లేకపోవడం మాత్రమే కాదు. స్టేషన్ ఉన్న చోట సామాను మోసే కూలీకి ఒక రేటు అంటూ ఏర్పడుతుంది. రైలు లేని తాలూకాలో దౌరాకు వచ్చిన ప్రతి అధికారి పెట్టె, డేరా, వంట పాత్రలు ఊరూరా చేతులు మారాలి. ఆ చేతులు ఎవరివో చెప్పనక్కరలేదు. వెట్టి మోతకు కూలి ఇవ్వాలని నిజాం ప్రభుత్వం ఉత్తర్వులు జారీ చేసింది. అవి పత్రాల్లో ఉన్నాయి. కూలి మా తాత దాకా రాలేదు. అయితే రైలు వస్తే వెట్టి పోయేదని నేను అనడం లేదు. జనగామ రైలు మార్గం మీదే ఉంది. విసునూరు దేశ్‌ముఖ్ దౌర్జన్యం సాగింది ఆ తాలూకాలోనే. పట్టాలు దొరతనాన్ని కూల్చలేదు. మా దగ్గర మాత్రం పట్టాలు లేకపోవడం వల్ల నెత్తి మీద బరువు ఇంకొన్ని దశాబ్దాలు ఎక్కువగా నిలిచింది.

1935లో నాలుగో ఆంధ్ర మహాసభ సిరిసిల్లలోనే జరిగింది. అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. వెట్టిచాకిరి మీద ఆంధ్ర జనసంఘం నాటి నుంచి ఆ పెద్దలు చేసిన కృషిని తక్కువ చేయను. కానీ వెట్టిని రద్దు చేయమని కోరడం ఒకటి, వెట్టి చేసినవాడి హక్కును రాయమని కోరడం మరొకటి. ఆ రెండోది ఎవరి ఎజెండాలోనూ పైకి రాలేదు. దాని ఫలితం స్వాతంత్ర్యం తర్వాత కనిపించింది.

1949 ఆగస్టులో జాగీర్ల రద్దు. జాగీర్దార్లకు పరిహారంగా కమ్యుటేషన్ సొమ్ము వాయిదాల్లో ముట్టింది. పోయిన హక్కుకు వెల కట్టడం ప్రభుత్వానికి చేతనవునని తేలింది. 1955లో ఇనాముల రద్దు చట్టం వచ్చింది. ఆ చట్టం తన పరిధి నుంచి కొన్నిటిని మినహాయించింది. మత, ధార్మిక సంస్థల ఇనాములు ఒకటి. గ్రామ సేవకు ఇచ్చినవి, అంటే సేత్‌సింధి, నీరడి, బలూత ఇనాములు రెండోది. ఈ మినహాయింపు అర్థం ఏమిటో నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. దొరల ఇనాం రద్దయింది, సేవకుడి సేవ రద్దు కాలేదు. భూమి చాకిరితో కట్టివేసే ఉంచారు.

1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పటేల్ పట్వారీ వ్యవస్థను రద్దు చేసినప్పుడు తెలంగాణ పల్లెల్లో పండుగ జరిగింది. సరైన పండుగే. కానీ కింది సేవకులు మిగిలే ఉన్నారు, పేర్లు మారుతూ వచ్చాయి. చివరికి గ్రామ రెవెన్యూ సహాయకులయ్యారు. తెలంగాణలో సుమారు 20 వేల మందిని వివిధ శాఖల్లో సర్దుబాటు చేసింది 2023లో. అంతకు ముందు సంవత్సరం వాళ్లు నెలల తరబడి సమ్మె చేశారు. సాలార్ జంగ్ దేశ్‌ముఖ్‌లకు రుసుము కట్టిన తర్వాత శతాబ్దంన్నరకు సుంకరి మనవడికి పేస్కేలు మాట వినిపించింది.

మధ్యలో ఒక్కసారి లెక్క తిరగబడింది. 1978 సెప్టెంబర్‌లో జగిత్యాల జైత్రయాత్ర. దానికి అటూ ఇటూ ఆ పల్లెల్లో జరిగిన పోరాటాల గురించి తుపాకుల వైపు నుంచే ఎక్కువగా రాశారు. నాకు ముఖ్యమనిపించేది వేరొకటి. పంచాయితీల పేర దొరలు వసూలు చేసిన దండుగలను జనం తిరిగి కట్టమన్నారు. చాలా చోట్ల కట్టించారు. ఎవరి దగ్గర ఎంత తీసుకున్నదీ జనం నోటి లెక్కే సాక్ష్యం. ఏ దఫ్తరంలోనూ లేని లెక్కను ఊరు నడుమ కూర్చుని తేల్చారు. అదే ఏడు అక్టోబర్‌లో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు.

ఇప్పుడు రైలు వచ్చింది. పీవీ నరసింహారావు ప్రధానిగా ఉన్నప్పుడు మొదలైన పెద్దపల్లి–నిజామాబాద్ మార్గం, 177 కిలోమీటర్లు, 2017లో పూర్తయింది. కోరుట్లకూ, లింగంపేట దగ్గర జగిత్యాలకూ స్టేషన్లు ఉన్నాయి. మనోహరాబాద్–కొత్తపల్లి మార్గం 2023లో సిద్దిపేట దాకా వచ్చింది, సిరిసిల్ల ఆ తర్వాతి మజిలీ. మంచిదే. కానీ పట్టాలకు, కాలువలకు, రోడ్లకు భూమి తీసుకున్నప్పుడు పరిహారం రికార్డులో పేరున్నవాడికి ముడుతుంది. మా తాత చెలక 1954–55 ఖాస్రా పహాణీలో చాకిరి ఇనాంగా ఉందని మా నాన్న అనేవాడు. తర్వాతి పహాణీల్లో పేరు మారింది. ఒక కార్యాలయంలో నకలు అడిగితే, మీ దగ్గర సనదు ఉందా అని అడిగారు. సుంకరికి సనదు ఎవరిచ్చారు?

ఈ మధ్య గడీల పునరుద్ధరణ మాట వినిపిస్తోంది. దేశ్‌ముఖ్ కుటుంబాల వంశచరిత్రలు సనదుల ఫొటోలతో సహా అచ్చవుతున్నాయి. అచ్చేయనివ్వండి, ఆ కాగితాలూ మనకు పనికొస్తాయి. ఆ సనదుల్లోని రుసుము ఏ ఊళ్ల శిస్తు నుంచి వచ్చిందో చదవగలగాలి. అందుకు ఉర్దూ, ఫార్సీ, మోడీ నేర్చిన దళిత బహుజన పరిశోధకులు కావాలి. విశ్వవిద్యాలయాలు ఏటా పది ఫెలోషిప్‌లు ఇందుకే కేటాయించడం అసాధ్యమేమీ కాదు. రాజపత్రాల్లో కిందికులాలు దొరకవు అనే మాటను నేను నమ్మను. సనదుల్లో దొరకరు. అర్జీల్లో, దౌరా ఖర్చుల లెక్కల్లో, సేత్వార్‌లో, ఖాస్రా పహాణీ కాలమ్‌లలో దొరుకుతారు. డిజిటల్ చేసేటప్పుడు ఫర్మానాలకు ముందు, మిగతావాటికి వెనుక అనే వరుస మార్చి గ్రామ సేవకుల ఇనాం రిజిస్టర్లను మొదట బయటపెట్టాలి. బలూత, నీరడి, సేత్‌సింధి భూములు ఊరూరా ఎన్ని ఉండేవి, ఇప్పుడు ఎవరి పేర ఉన్నాయి అన్నది ప్రభుత్వం ఒక శ్వేతపత్రంగా ప్రకటించాలి.

అప్పటిదాకా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల కాలేజీల విద్యార్థులు ఒక పని చేయవచ్చు. ఏ ఊరికి ఎవరు సుంకరిగా, నీరడిగా ఉన్నారో, ఏ దారిన ఎంత దూరం మోసేవారో, మేర ఎన్ని కుంచాలో చెప్పగల ముసలివాళ్లు ఇంకా కొందరున్నారు. కోరుట్ల నుంచి జగిత్యాల కచేరి దాకా పాతిక కిలోమీటర్ల బండ్లబాటలో ఏ ఊరి పొలిమేర దగ్గర ఎవరు బరువు అందుకునేవారో మా పెదనాన్న ఒకనాటి సాయంత్రం నాకు వరుసగా చెప్పాడు. పదకొండు పేర్లు. నా నోట్‌బుక్‌లో రాసి ఉన్నాయి. అందులో ఏడుగురి ఇళ్లు మాత్రమే నాకు ఇప్పటిదాకా దొరికాయి.